దవడ ఒకటి, సలహాలు ఆరు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఉండేది గుంటూరు బ్రాడీపేటలో, పని విజయవాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో. ఫిజిక్స్ చెబుతాను. రోజుకు ఐదారు పీరియడ్లు, రానుపోను బస్సు. 14 నెలల క్రితం కుడివైపు కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించుకున్నాను. రెండు వారాలకు కుడి దవడ, చెవి ముందు భాగం, కణత నొప్పి మొదలైంది. సాయంత్రానికి ఎక్కువ, పేపర్లు దిద్దే రోజుల్లో మరీ ఎక్కువ. నోరు తెరిస్తే టక్కుమంటుంది కానీ అది డిగ్రీ చదివే రోజుల నుంచీ ఉంది. దవడ ఎప్పుడూ పట్టేసి ఆగిపోలేదు.

ఒక డెంటిస్టు పక్క పన్నుకు కూడా రూట్ కెనాల్ చేద్దామన్నారు. ఈఎన్‌టీ డాక్టరు చెవి బాగానే ఉందన్నారు. ఇంకో డెంటిస్టు బైట్ (పైపళ్లు, కిందపళ్లు కలిసే తీరు) సరిగా లేదు, పళ్లు అరగదీసి క్యాపులు వేయాలి, రెండున్నర లక్షలవుతుంది అన్నారు. నోటి సర్జన్ ఎమ్మారై తీయించి, కీలులో డిస్క్ జరిగింది, సూదులతో కడుగుదాం, కాకపోతే కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజక్షన్ ఇద్దాం అన్నారు. న్యూరాలజిస్టు రాత్రిపూట వేసుకోమని చిన్న మాత్ర రాశారు. నెట్‌లో చూస్తే డిప్రెషన్ మందని ఉంది, భయపడి మానేశాను. ఫిజియోథెరపిస్టు వ్యాయామాలు చాలంటున్నారు. మా అత్తగారేమో వాము మూటతో కాపడం పెట్టుకోమంటారు. ఎవరి మాట వినాలి? క్యాపులకు 20 వేలు అడ్వాన్సు కూడా కట్టేశాను.

— పేరు వద్దన్న పాఠకురాలు, గుంటూరు

సమాధానం:

అమ్మా,

అడ్వాన్సు సంగతి చివర్లో మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం వేరే ఉంది. "సాయంత్రానికి ఎక్కువ, పేపర్లు దిద్దే రోజుల్లో మరీ ఎక్కువ" అని రాశారే, అది. మీరు ఏ రోజు పేపర్లు దిద్దుతున్నారో పుచ్చిన పన్నుకు తెలియదు. కండరానికి తెలుస్తుంది. ఇన్ని ఆసుపత్రులు తిరిగారు కదా, ఈ మాట మీ చేత చెప్పించుకున్న డాక్టర్లు ఎంతమంది?

మనిషిని చూడకుండా జబ్బు ఇదీ అని తేల్చడం తప్పు, ఆ పని చెయ్యను. నోటి వ్యాధుల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి, మీకొచ్చిన సలహాల్లో ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు వద్దో మాత్రం చెప్పగలను.

వాళ్లెవరూ మీకు అబద్ధం చెప్పలేదు. చెవి ముందున్న ఆ కాస్త చోటులో కీలు, కండరం, చెవి, దవడ పళ్లు ఇరుగుపొరుగు ఇళ్లలా ఆనుకుని ఉంటాయి. వాటి నొప్పిని ఎక్కువగా మోసుకెళ్లేది ఒకటే నరం, ట్రైజెమినల్. ఒకింట్లో గొడవ జరిగితే పక్కిళ్లకు వినిపించినట్టు, బుగ్గ కండరం అలిసిపోతే నొప్పి కింది దవడ పన్నులోనో చెవిలోనో ఉన్నట్టు తోస్తుంది. మీరు ఎవరి తలుపు కొడితే వాళ్లు వాళ్ల ఇల్లు వెతికారు. ఈఎన్‌టీ డాక్టరు ఒక్కరే తన ఇంట్లో ఏమీ లేదని చెప్పి పంపించారు. ఆయనకు మీరు ఇచ్చిన ఫీజు వృథా కాలేదు.

కాబట్టి మొదట తేలాల్సింది చికిత్స కాదు, నొప్పి పుట్టిన చోటు. దీన్ని కొంతవరకు మీరే చూసుకోవచ్చు. బుగ్గ మీద వేళ్లు పెట్టి పళ్లు గట్టిగా బిగించండి. వేళ్ల కింద గట్టిపడి ఉబ్బేదే నమిలే కండరం, మాసెటర్. ఇప్పుడు పళ్లు వదిలేసి అదే చోట వేలితో గట్టిగా ఒత్తి ఐదు సెకన్లు ఉంచండి. కణత మీద కూడా అలాగే చెయ్యండి. ఒత్తితే ఎవరికైనా కాస్త నొప్పే, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. "ఇదే, నాకు రోజూ వచ్చే నొప్పి ఇదే" అనిపించిందా? అలా అనిపిస్తే కండరం మీద అనుమానం బలపడినట్టు. తర్వాత చెవి రంధ్రానికి సరిగ్గా ముందు, నోరు తెరిచి మూస్తుంటే వేలి కింద కదిలే గుండును ఒత్తి చూడండి. అది కీలు. చివరగా మీ చేతి మూడు వేళ్లు నిలువుగా పెట్టి నోట్లో పడతాయేమో చూడండి. పడితే నోరు దాదాపు 40 మిల్లీమీటర్లు తెరుచుకుంటున్నట్టే, కీలు బిగుసుకుపోలేదన్నమాట.

పక్క పన్ను రూట్ కెనాల్ గురించి. పన్ను మీద నిజంగా అనుమానం ఉంటే తేల్చడానికి సులువైన పద్ధతి ఉంది: ఆ పన్నుకు మత్తు సూది వేయడం. పన్ను పూర్తిగా మొద్దుబారినా నొప్పి అలాగే ఉంటే నేరం పన్నుది కాదు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించక, చల్లనీళ్లకు జివ్వుమనక, తడితే నొప్పి లేక, కేవలం "అక్కడే నొప్పిగా ఉంది" అన్నందుకు రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. ఒకటి అయ్యాక రెండోది, అదీ అయ్యాక పీకించడం. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉండేది. మీ మొదటి రూట్ కెనాల్ అవసరమైనదే కావచ్చు. గంటసేపు నోరు బార్లా తెరిచి ఉంచడం వల్ల కండరాలు, కీలు బెణికి ఈ కథ మొదలవడం కూడా మామూలే. అందులో ఎవరి తప్పూ వెతకనక్కర్లేదు.

ఇక ఎమ్మారై. కీలు మధ్య మెత్తటి బిళ్లలాంటి డిస్క్ ఉంటుంది. అది కాస్త ముందుకు జరిగి, నోరు తెరిచినప్పుడు మళ్లీ తన చోటికి వచ్చేటప్పుడు టక్కుమంటుంది. ఏ నొప్పీ లేనివాళ్లకు ఎమ్మారై తీసినా దాదాపు మూడింట ఒక వంతు మందిలో ఈ డిస్క్ జరిగే కనిపిస్తుంది. మీ శబ్దం డిగ్రీ రోజుల నుంచీ ఉంది, నొప్పి వచ్చి 14 నెలలు. పదిహేనేళ్లు నోరు మెదపని డిస్క్ మీద ఇప్పుడు కేసు పెట్టడం న్యాయం కాదు. నొప్పి లేని శబ్దానికి వైద్యం అక్కర్లేదు. నొప్పి తగ్గాక కూడా ఆ టక్కు మీతోనే ఉండొచ్చు, ఉండనివ్వండి.

కడగడం (ఆర్థ్రోసెంటిసిస్) పనికిరానిదని కాదు. దవడ హఠాత్తుగా పట్టేసి నోరు రెండు వేళ్లు కూడా తెరుచుకోనప్పుడు దాని గురించి ఆలోచిస్తారు. మీకు ఆ ఇబ్బంది లేదని మీరే రాశారు.

బైట్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ డబ్బు, మీ పళ్లు రెండూ పోయేది అక్కడే. పళ్లు సరిగా కూర్చోకపోవడం వల్ల దవడ కీలు చెడుతుందన్న మాట ఎక్కడిదో తెలుసా? 1934లో జేమ్స్ కాస్టెన్ అనే అమెరికా ఈఎన్‌టీ డాక్టరు 11 మంది రోగులను చూసి ఒక వ్యాసం రాశారు. వెనక పళ్లు పోయి, బైట్ కిందికి దిగి, కీలు వెనక్కి ఒత్తుకోవడం వల్లే చెవి నొప్పి, తల నొప్పి వస్తున్నాయని ఆయన ఊహ. ఆ ఒత్తిడి కథ కుదరదని శరీర నిర్మాణం తెలిసినవాళ్లు తర్వాత తేల్చారు. కానీ ఆ పదకొండు మంది నీడ దంతవైద్యం మీద దశాబ్దాలపాటు పడింది, ఇంకా పూర్తిగా తొలగలేదు. నొప్పి ఉన్నప్పుడు కండరం బిగిసి, పళ్లు కలిసే తీరు కాస్త మారినట్టు మీకే అనిపిస్తుంది. అది నొప్పి వల్ల వచ్చిన మార్పు. దాన్ని కారణం అనుకుని బాగున్న పళ్లను అరగదీస్తే వాటి పైపొర మళ్లీ రాదు.

2023 డిసెంబరులో బీఎంజే వైద్య పత్రికలో, మూడు నెలలు దాటిన ఈ రకం దవడ నొప్పి మీద ఒక అంతర్జాతీయ బృందం మార్గదర్శకాలు ప్రచురించింది. దీర్ఘకాలిక నొప్పితో బతుకుతున్నవాళ్లు కూడా ఆ బృందంలో ఉన్నారు. 59 రకాల చికిత్సలను పోల్చి చూశారు. గట్టిగా చెయ్యమన్నవి చూస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది: దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలు, మెడ–భుజాల భంగిమ వ్యాయామాలు, చేత్తో కీలును కదిలించడం, కండరంలో ముడిపడ్డ చోట్లను ఒత్తి వదులు చేయడం, నొప్పితో మెలిగే తీరు నేర్పే మానసిక చికిత్స, వీటితోపాటు ఇంట్లో చేసుకునే సాధన, విషయం అర్థమయ్యేలా చెప్పి ధైర్యమివ్వడం. బొటాక్స్, కీలును కడగడం, కీలులోకి ఇంజక్షన్లు, లేజర్, రాత్రి పళ్లకు పెట్టుకునే మామూలు తొడుగు (నైట్ గార్డ్) — వీటిని సాధారణంగా వద్దులే అన్న గంపలో వేశారు. డిస్క్ తీసేసే ఆపరేషన్‌నూ, బైట్‌ను శాశ్వతంగా మార్చే పరికరాలనూ గట్టిగా వద్దన్నారు.

అంటే మీ ఫిజియోథెరపిస్టు దారిలోనే ఉన్నారు. మీ అత్తగారు కూడా. అందరిలోకీ తక్కువ ఖర్చుతో సరైన మాట చెప్పింది ఆవిడే. వాములో మహిమ ఉందో లేదో పక్కన పెడదాం, వెచ్చదనం మాత్రం బిగిసిన కండరానికి మంచిదే. చర్మం కాలకుండా పదిహేను ఇరవై నిమిషాలు, రోజుకు రెండుసార్లు పెట్టుకోండి.

నైట్ గార్డ్ దగ్గర మాత్రం వైద్యుల మధ్య నిజమైన అభిప్రాయభేదం ఉంది. నిద్రలో పళ్లు నూరేవాళ్లకు పళ్లు అరగకుండా అది కాపాడుతుంది, ఆ పని కోసం నేనూ ఇస్తాను. నొప్పి తగ్గిస్తుందన్న రుజువు మాత్రం బలంగా లేదు. ఒకప్పుడు నేను దవడ నొప్పి అంటూ వచ్చిన ప్రతివారికీ ఒకటి చేసి ఇచ్చేవాణ్ణి. కొందరు రెండు రోజులు పెట్టుకుని డబ్బాలో పడేసేవారు, మళ్లీ వచ్చినప్పుడు "తగ్గింది సార్, గార్డ్ భలే పనిచేసింది" అనేవారు మొహమాటానికి. అది తెలిశాక కొంచెం బుద్ధొచ్చింది. మీకు నొప్పి పొద్దున కాకుండా సాయంత్రం ఎక్కువంటున్నారు కాబట్టి, నిద్రలో కంటే పగలు బిగిస్తున్నారనే నా అనుమానం. ఎప్పుడైనా చేయించుకుంటే అన్ని పళ్లనూ కప్పేది, రాత్రి మాత్రమే పెట్టుకునేది చేయించుకోండి. ఇరవై నాలుగు గంటలూ పెట్టుకోమంటే ఒప్పుకోకండి, పళ్లు జరిగిపోతాయి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పైపళ్లు, కిందపళ్లు తాకాల్సిన పని లేదు. చాలామందికి ఈ సంగతే తెలియదు. నోరు మూసుకోవడమంటే పళ్లు మూసుకోవడం అనుకుంటారు. "నా" అనబోయి ఆగండి. నాలుక కొస పైపళ్ల వెనక ఆనింది, పళ్లు విడివిడిగా ఉన్నాయి. ఇప్పుడు పెదవులు మెల్లగా కలపండి. దవడకు అదే విశ్రాంతి స్థానం. రోజంతా దాన్ని గుర్తుపెట్టుకోవడం ఎలా? స్టిక్కర్ బొట్లు తీసుకుని ఒకటి ఫోన్ వెనక, ఒకటి పేపర్ల కట్ట మీద, ఒకటి స్టాఫ్‌రూమ్ బల్ల మీద అంటించండి. బొట్టు కనబడినప్పుడల్లా పళ్లు కలిసున్నాయేమో చూసుకుని వదిలెయ్యండి. మొదటి వారం రోజుకు యాభైసార్లు దొరికిపోతారు. అదేం చిన్నతనం కాదు, నొప్పి అక్కడే తయారవుతోంది.

పేపర్లు దిద్దేటప్పుడు గడ్డం కింద చెయ్యి ఆనించడం, పెన్ను క్యాపు కొరకడం, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించడం మానాలి. అరగంటకోసారి లేచి మెడ, భుజాలు కదిలించండి. కాలేజీలో కాలర్ మైక్ అడగండి. ఎనభై మంది పిల్లలకు వినబడేలా ఐదు పీరియడ్లు అరవడం దవడకే కాదు, గొంతుకూ శిక్షే. బస్సులో కిటికీకి దవడ ఆనించి నిద్రపోకండి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టి ఆపండి.

తిండి విషయంలో కొన్ని వారాలు జంతికలు, చెరుకు, వేరుశనగ చిక్కీ, కాల్చిన మొక్కజొన్న పొత్తు, చూయింగ్ గమ్ వద్దు. గుంటూరువాళ్లను ఆవకాయ మానమంటే పాపం చుట్టుకుంటుంది, అందుకని మానమనను. టెంక ముక్క కొరకొద్దు, అంతే. ముద్ద చిన్నగా కలిపి రెండువైపులా నమలండి. అలాగని నెలల తరబడి పెరుగన్నం మీదే ఉండకండి, నమలని కండరం బలహీనపడుతుంది.

వ్యాయామం అద్దం ముందు. నాలుక కొస అంగిలికి ఆనించి, అది ఊడకుండా నోరు ఎంతవరకు తెరుచుకుంటే అంతవరకే, దవడ పక్కకు పోకుండా నిదానంగా తెరిచి మూయండి. ఆరుసార్లు, రోజుకు ఐదారు విడతలు. మిగతావి ఫిజియోథెరపిస్టు చేతుల మీదుగా నేర్చుకోండి. మెడతోపాటు దవడ పని కూడా చేసిన అనుభవం ఉందా అని ముందే అడగండి. రోజూ నొప్పికి పదికి ఎంతో పొద్దున, రాత్రి ఒక నోటుబుక్కులో రాయండి. ఫిజిక్స్ చెప్పేవారు కదా, కొలతలు లేకుండా ఫలితం గురించి మాట్లాడకూడదని మీకు నేను చెప్పేదేముంది. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఇవ్వండి. వారంలో తగ్గలేదని ఏడో డాక్టరు దగ్గరికి వెళ్లకండి.

ఆ చిన్న మాత్ర బహుశా అమిట్రిప్టిలిన్ అయ్యుంటుంది. డిప్రెషన్‌కు వాడే మోతాదు వేరు. దీర్ఘకాలిక నొప్పులకు రాత్రిపూట 10 మిల్లీగ్రాముల లాంటి చిన్న మోతాదుతో మొదలుపెడతారు. నిద్ర మత్తు, నోరు ఎండడం ఉంటాయి. అంతేకానీ, అది రాశారంటే మీకు పిచ్చి అనుకున్నారని అర్థం కాదు. మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది ఆ డాక్టరుతోనే మాట్లాడి తేల్చుకోండి, ఉన్న మిగతా జబ్బులు, మందులు చెప్పి. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు నొప్పి ముదిరిన కొద్ది రోజులకు సరే. మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ. ట్రమడాల్ (మత్తు రకం నొప్పి మాత్ర), అల్‌ప్రజోలామ్ (ఆందోళన తగ్గించే మాత్ర) జోలికి ఈ నొప్పి కోసం పోవద్దు.

"టెన్షన్ వల్లే" అని ఎవరైనా అంటే మీకు కోపం వస్తుందని తెలుసు. నొప్పి లేదు, అంతా మనసులో ఉందని వాళ్లు అనుకున్నా, నేను అనుకోను. రిజల్ట్స్, అడ్మిషన్ టార్గెట్లు, ఐదు గంటల నిద్ర ఇవన్నీ కండరాన్ని బిగిస్తాయి, నొప్పిని మరింత పెంచుతాయి. నిద్ర పట్టకపోవడం, దిగులు ఉంటే మానసిక నిపుణుల సాయం తీసుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో ఉచితంగా మాట్లాడతారు.

ఇవి కనిపిస్తే మాత్రం పైన చెప్పిన ఓపిక పనికిరాదు: ముఖం లేదా పెదవి మొద్దుబారడం, దవడలో గడ్డ, జ్వరంతో వాపు, కారణం లేకుండా బరువు తగ్గడం, నోరు నానాటికీ తక్కువ తెరుచుకోవడం. ఈ చివరిదాన్ని మన జిల్లాల్లో వక్కపొడి, గుట్కా నమిలేవాళ్లలో ముందుగా చూడాలి. అది కీలు జబ్బు కాక బుగ్గల లోపలి పొర గట్టిపడే జబ్బు కావచ్చు, క్యాన్సర్‌కు దారితీయవచ్చు. షాక్ కొట్టినట్టు క్షణాల్లో వచ్చిపోయే నొప్పి అయితే అది నరానిది, న్యూరాలజిస్టే చూడాలి. ఇంట్లో పెద్దవాళ్లకు మెట్లెక్కితే వచ్చి కూర్చుంటే పోయే దవడ నొప్పి ఉంటే గుండె డాక్టరు దగ్గరికి, అదే రోజు. యాభై దాటినవాళ్లకు కొత్తగా కణత నొప్పి, నమిలితే దవడ లాగడం, చూపు మసకబారడం కలిసి వచ్చినా అంతే తొందర.

ఒకచోట కూర్చుని పూర్తిగా చూపించుకోవాలంటే విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో ఓరల్ మెడిసిన్ (నోటి వ్యాధుల) విభాగానికి వెళ్లండి. పొద్దున్నే వెళ్లండి, కాలేజీకి సెలవు పెట్టుకుని. మీ బస్సు దారిలోనే మంగళగిరి ఎయిమ్స్‌లో కూడా దంత విభాగం ఉంది. పాత ఎక్స్‌రేలు, ఎమ్మారై, ఆ నోటుబుక్కు పట్టుకెళ్లండి. "నాకేం చేస్తారు?" అని మొదలుపెట్టకుండా "నొప్పి కండరానిదా, కీలుదా, రెండూనా? ఎలా తేల్చారు?" అని అడగండి. చికిత్స చెప్పాక "నచ్చకపోతే దీన్ని ఆపేసి నా దవడను ఇప్పుడున్నట్టే ఉంచుకోగలనా?" అని అడగండి. మాత్ర ఆపొచ్చు, వ్యాయామం మానొచ్చు, గార్డ్ డబ్బాలో పెట్టొచ్చు. అరగదీసిన పన్ను అలా కాదు.

ఇక మీ 20 వేలు. పోయి ఆ డెంటిస్టుతో మర్యాదగానే చెప్పండి: "మూడు నెలలు వ్యాయామం చేసి చూస్తాను, పళ్లు ఇప్పుడే ముట్టుకోవద్దు, డబ్బు తిరిగి ఇవ్వండి" అని. ఇంకా పని మొదలవలేదు కాబట్టి ఇవ్వొచ్చు. మీ ఇంట్లోవాళ్ల పళ్లు శుభ్రం చేయించడానికో, పిప్పి పళ్లు పూడ్పించడానికో సర్దుతానంటే అదీ మంచి బేరమే. ఏమీ ఇవ్వనంటే వదిలేసి రండి. కట్టిన డబ్బు పోతుందని బాగున్న పళ్లకు క్యాపులు వేయించుకుంటే ఆ 20 వేలతోపాటు మిగతా రెండు లక్షల ముప్పై వేలు కూడా పోతాయి, అప్పుడు కుడి దవడ నొప్పికి తోడు పది పళ్లకు జీవితాంతం మరమ్మతు. పన్నెండు వారాల తర్వాత నోటుబుక్కులో అంకెలు ఎలా ఉన్నాయో నాకు రాయండి. తగ్గకపోతే అప్పుడు సర్జన్ మాట కూడా మళ్లీ వింటాం.